నగర నిర్మాణమున పౌరుల మాట

నగరమున క్రొత్త వీధి వేయవలెనన్న ముందుగా కాగితముపై పథకము సిద్ధమగును. దానిని ఇంజనీర్లు గీయుదురు, అధికారులు ఆమోదింతురు. ఆ గీత ఎవరి ముంగిట నుండి పోవునో వారిని అడుగు ఆచారము చాలకాలము అంతగా లేదు. తమ్మును అడిగి తీరవలెనని పట్టుపట్టినవారిలో అమెరికా దేశమందలి న్యూయార్కు పౌరులు ముఖ్యులు.

ఆ నగరమున గ్రీనిచ్ విలేజి అను పేట యున్నది. అందు వాషింగ్టన్ స్క్వేర్ అను ఉద్యానవనము సుమారు పది ఎకరముల మేర వ్యాపించి యున్నది. దాని ఉత్తరపు దెస చలువరాతి తోరణము కలదు. పిల్లల ఆటలకును, పెద్దల చదరంగమునకును అదియే చోటు. అయినను ఆ కాలమున కార్లు, బస్సులు ఉద్యానము లోపలికే వచ్చుచుండెడివి.

నాటి ఉద్యానవనముల కమిషనరు రాబర్టు మోజెస్. ఆయన సామాన్యుడు కాడు. వంతెనలు, క్రీడాస్థలములు, ఈతకొలనులు పెక్కు కట్టించిన దక్షుడు. కాని ప్రజల వోటుతో ఏ పదవికిని ఎన్నిక కాలేదు. ఆయన పదవులన్నియు నియామకము వలన లభించినవే. 1950వ దశకమున ఆయన ఆ ఉద్యానము గుండ పెద్ద రోడ్డు వేయదలచెను. తోటను కాపాడవలసిన అధికారియే దానిని రెండుగా చీల్చబూనుట వింత గదా!

1952లో షర్లీ హేస్ అను నలుగురు బిడ్డల తల్లి ఇరుగుపొరుగు వారిని కూర్చి సంఘమును స్థాపించెను. తరువాత జేన్ జేకబ్స్ అను రచయిత్రి వారితో చేరెను. వారు వేలకొలది సంతకములు సేకరించిరి. అధికారుల సభలకు పోయి వాదించిరి. వెడల్పు తగ్గించి వేయుదమని రాజీమాటలు వచ్చినను హేస్ అంగీకరింపలేదు. రోడ్డే వలదనియు, ఉన్న రాకపోకలను సైతము ఆపవలెననియు ఆమె కోరెను.

ప్రతిపక్షము వారి ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఈ దారి మూసినచో బండ్లన్నియు చుట్టుపట్ల సందులలో క్రిక్కిరియునని వారు హెచ్చరించిరి. కొన్నాళ్లు మూసి చూడుడని పేటవారు బదులు చెప్పిరి. 1958లో ఆ ప్రయోగము జరిగెను. చుట్టుపట్ల వీధులలో రద్దీ పెరుగలేదు! దారి సుళువుగా నున్నందుననే అటు వచ్చుచుండిన వారు పలువురు వేరు మార్గములు చూచుకొనిరి. 1961లో వెలువడిన తన గ్రంథమున జేకబ్స్ ఈ సంగతిని చర్చించెను. 1959లో కార్లు శాశ్వతముగా నిషిద్ధములైనవి. 1963లో బస్సులును తొలగినవి.

అయితే పథకము పుట్టిన ప్రతిసారియు ఏండ్ల తరబడి పోరాడుట ఎవరి తరము? అందువలన పౌరుల మాటకు చట్టమున చోటు కావలసివచ్చెను. 1975లో న్యూయార్కు నగరశాసనమును సవరించిరి. నగరమందు 59 పేటబోర్డులు కలవు. ఒక్కొక్క దానిలో 50 మంది వరకు సభ్యులుందురు. వారికి జీతము లేదు. సవరణ ననుసరించి, భూవినియోగమును మార్చు పెద్ద పథకములలో చాలవానిని ముందుగా ఈ బోర్డుల యెదుట పెట్టవలెను. అవి బహిరంగసభ జరిపి, 60 దినములలో అభిప్రాయము తెలుపును.

కాని ఆ యభిప్రాయము సలహా మాత్రమే. బోర్డు వలదన్న కట్టడమునకు పై అధికారులు అనుమతి నీయవచ్చును. అట్లు ఇచ్చిన సందర్భములును కలవు. ఆ సలహాకు మరింత బలము కలిగింపవలెనని కొందరును, అట్లయిన క్రొత్త ఇండ్ల నిర్మాణము కుంటుపడునని కొందరును ఆ నగరమున నేటికిని వాదించుచున్నారు.