కుంకుమ వేరు, కుంకుమ పువ్వు వేరు

కొల్లేటికోట పెద్దింట్లమ్మ సన్నిధిలోను, ద్వారకా తిరుమలలోను భక్తులు నుదుట ధరించే కుంకుమ సంప్రదాయరీత్యా పసుపు నుండి పుట్టినది. పసుపు కొమ్ములను నిమ్మరసం, వెలిగారములతో నానబెట్టి ఎరుపు తెప్పిస్తారు. అది ధరించుటకే గాని సేవించుటకు కాదు. ఆయుర్వేద గ్రంథాలలో ‘కుంకుమ’ మని చెప్పబడిన ఔషధం కుంకుమ పువ్వు. దానికే కాశ్మీరజమని మరొక పేరు.

వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉన్నా, ఈ పంట మన ఉక్కపోత నేలకు ఒదిగేది కాదు. కాశ్మీరంలోని పాంపోర్ వంటి చలి ప్రాంతాలలో శరదృతువున పూస్తుంది. పువ్వుకు ఎర్రని కీలాగ్రాలు మూడే. ఒక్క గ్రాముకు సుమారు 150 పూలు కావాలి. వెల అంత అధికం కావడానికి కారణమిదే. కల్తీకి మూలమూ ఇదే.

భావమిశ్రుడు తన భావప్రకాశంలో కాశ్మీర, బాహ్లిక, పారసీక దేశాల కుంకుమ పువ్వులను పోల్చి, సన్నని ఎర్రని కేసరాలు గల కాశ్మీర జాతిని ఉత్తమమన్నాడు. శిరోరోగాలు, వ్రణాలు, వాంతులు, ముఖంపై మంగుమచ్చలకు దీనిని విధించాడు. చందనం, మంజిష్ఠ, లక్క, యష్టిమధుకం మొదలైన వాటితో నువ్వుల నూనెలో కాచే కుంకుమాది తైలం నేటికీ ప్రసిద్ధమే. అష్టాంగహృదయం హేమంత ఋతుచర్యలో కుంకుమ లేపనాన్ని చెప్పింది. అందులోని ఉష్ణగుణమే అందుకు కారణం.

గర్భిణి కుంకుమ పువ్వు పాలు త్రాగితే బిడ్డ తెల్లగా పుడతాడన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉన్నది. బిడ్డ మేనిఛాయ తల్లిదండ్రుల వంశాన్ని బట్టి వస్తుందే గాని పాలను బట్టి కాదు. పైగా మోతాదు మించితే గర్భాశయ సంకోచాలు కలిగే ప్రమాదమున్నది. పాలలో ఒకటి రెండు రేకులు రుచికి వేసుకొనుట వేరు. ఔషధంగా వాడదలచినవారు వైద్యుని అడిగి తీరవలసినదే.

అభిషేకానికి కుంకుమ పువ్వు సమర్పించే దాతలకు ఒక మనవి. అభిషేక జలమే తీర్థమై పసిబిడ్డల నోటిలోనూ పడుతుంది. పేరు దగ్గరగా ఉండే కుసుమ పువ్వు రేకులను, రంగు అద్దిన మొక్కజొన్న పీచును కూడా కుంకుమ పువ్వని అమ్ముతున్నారు. కొన్నది నాలుగు రేకులు గోరువెచ్చని నీటిలో వేసి చూడండి. అసలుది మెల్లగా బంగారు పసుపు రంగునిస్తుంది, రేకు మాత్రం ఎర్రగానే నిలుస్తుంది. వేయగానే నీరు ఎర్రబడి, రేకు వెలిసిపోతే అది రంగు వేసిన సరుకు. దానిని సన్నిధికి తేవద్దు.