633.18 డబ్బాలు: లైబ్రేరియన్ చెల్లె మా విత్తనాల అరలోకి ఎట్ల వచ్చింది

పోయిన వీడియోలో మా విత్తనాల అర చూపించినప్పుడు డబ్బాల మీద ఉన్న నంబర్ల గురించి చాలా మంది అడిగారు. ఒకాయన ఫోన్ చేసి "అన్నా, 633.18 అంటే కొత్త వరి రకమా? విత్తనం దొరుకుతదా?" అన్నాడు. రకం కాదు. లైబ్రరీలో వరి పుస్తకాలకు ఇచ్చే నంబరు అది. డ్యూయీ పద్ధతిలో 630 అంటే వ్యవసాయం, 633 పొలం పంటలు, 633.18 వరి. అది మా డబ్బాల మీదికి ఎట్ల ఎక్కిందో చెప్పాలంటే మా చెల్లె సంగతి చెప్పాలె.

మా చిన్నమ్మ బిడ్డ. పేరు రాయొద్దని ముందే మాట తీసుకుంది. ఉస్మానియాలో లైబ్రరీ సైన్స్ పీజీ చేసి, మెదక్ పట్టణంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాలుగేండ్లు లైబ్రేరియన్‌గా చేసింది. లైబ్రేరియన్ అంటే కుర్చీలో కూసొని పుస్తకాలు ఇచ్చుడు, తీసుకునుడు అనుకునేవాణ్ణి నేను. కాదట. కొత్త పుస్తకం వస్తే ముందు యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించాలి: వరుస నంబరు, తేదీ, రచయిత, పుస్తకం పేరు, ఎక్కడ కొన్నారు, బిల్లు నంబరు, ధర. తర్వాత ముద్ర, లోపల తేదీల చీటీ, వీపు మీద నంబరు. ఏడాదికోసారి మొత్తం లెక్క చూసుకోవాలి. ఒక్క పుస్తకం తగ్గినా జవాబు చెప్పాల్సింది లైబ్రేరియనే. న్యాక్ బృందం వస్తదంటే నెల రోజులు నిద్ర ఉండదు. ఇవి కాక పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్, జూన్ వస్తే అడ్మిషన్ల కోసం ఊర్లు తిరుగుడు.

జీతం పన్నెండు వేలు. ఏప్రిల్, మే నెలలకు అదీ లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులతో పాటు నెట్ గానీ సెట్ గానీ కావాలి. రెండు సార్లు రాసింది, కొద్దిలో పోయింది. కానీ ఆమె బాధ జీతం ఒక్కటే కాదు. "పుస్తకాలన్నీ వరుసగ పెట్టిన అన్నా. తీసేటోడే లేడు. పరీక్షల ముందర గైడ్ల కోసం వస్తరు, అంతే" అనేది.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలె. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు తండ్రి అనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ మొదట లైబ్రేరియన్ కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల లెక్చరర్. 1924 జనవరిలో మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్‌గా చేరాడు. కొన్నాళ్లకే ఆ ఒంటరితనం భరించలేక, నా పాత ఉద్యోగం నాకు ఇయ్యండని కాలేజీకి పోయి అడిగాడు. ముందు లండన్ పోయి చదివి రా, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అన్నారు. పోయాడు, అక్కడి లైబ్రరీలు జనంలోకి ఎట్ల పోతున్నాయో చూశాడు, ఇక మళ్లీ లెక్కల వైపు చూడలేదు. 1931లో అచ్చైన ఆయన అయిదు సూత్రాల్లో మొదటిదాని భావం ఏందంటే, అల్మారాలో భద్రంగా ఉండటం పుస్తకం పని కాదు, వాడకంలో ఉండటమే దాని పని. మా చెల్లె ఈ కథ నాకు పది సార్లు చెప్పి ఉంటది. పదకొండోసారి విన్నప్పుడు నాకు మా విత్తనాలు గుర్తొచ్చాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాడిని, విత్తన శుద్ధి గురించి నలుగురికి చెప్పేవాడిని. 2021 వానాకాలం ఒక రైతుకు కుజిపటాలియా అని రెండెకరాలకు విత్తనం ఇచ్చిన. ఈనిక దశకు వచ్చేసరికి మడిలో మూడు ఎత్తులు, రెండు రంగులు. బెరుకులు ఏరడానికే ఆయనకు నలుగురు కూలీలు పట్టారు. గట్టు మీద నిలబడి ఆయన తిట్టలేదు. "నువ్వు చదువుకున్నోనివి గదా" అన్నాడు, అంతే. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది. తప్పు ఎక్కడ జరిగిందో నేను చెప్పలేకపోయిన. నా దగ్గర లెక్క లేదు. సంచికి లోపల ఒక చీటీ, బయట స్కెచ్ పెన్‌తో పేరు. కల్లంలో కలిసిందా, నారుమడిలో కలిసిందా, నాకు ఇచ్చినాయన దగ్గరే కలిసి వచ్చిందా?

2022 వేసవిలో జీతం బకాయి రాక చెల్లె ఉద్యోగం మానేసింది. మనసు బాగలేదని మా ఇంటికి నాలుగు రోజులు వచ్చింది. విత్తనాల అర తలుపు తీసి చూసి, "అన్నా, ఇది విత్తనాల అర కాదు, పాత పేపర్ల కొట్టు" అన్నది. నాలుగు రోజులనుకున్నది రెండు నెలలైంది.

మొదట చేసిన పని, ప్రతి డబ్బాకు యాక్సెషన్ నంబరు. ఈ మాట లైబ్రరీలదే అనుకున్నా నేను. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో కూడా ఒక్కో విత్తన నమూనాను యాక్సెషన్ అనే అంటారు. 1972లో మొదలైన ఆ సంస్థ అప్పటి మన మెదక్ జిల్లాలోనే ఉండేది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, చిరుధాన్యాలు కలిపి లక్షకు పైగా నమూనాలు ఉన్నాయి అక్కడ. దీర్ఘకాలం దాచేవి మైనస్ 20 డిగ్రీల చలిలో పెడతారు. అంత చలి మనకెక్కడిది? కానీ విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అయితదని హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఉంది. ఎండ మనకు ఉచితమే గదా. ఇప్పుడు వడ్లు 12 శాతం తేమకు రాకుండా డబ్బాలోకి పోవు. తేమ మీటరు కొనిపించింది కూడా చెల్లెనే. పురుగుకు ఎండిన వేపాకు, వావిలాకు మేము ముందు నుంచీ వేసేవాళ్లమే. పాత తాళపత్రాలకు పురుగు పట్టకుండా వస కొమ్ము పెట్టేవారని ఆమె చెప్తే అది కూడా కొన్ని డబ్బాల్లో పెట్టి చూస్తున్నం. ఫలితం వచ్చాక చెప్తా, ఇప్పుడే మీరు పెట్టకండి.

అయితే మొదటి రిజిస్టర్ పూర్తిగా ఫెయిలైంది. పందొమ్మిది గడులు గీసింది. మా దగ్గర విత్తనం తీసుకునే మహిళా రైతు ఒకామె చూసి, "బిడ్డా, ఇది రాసేటాళ్లకు నాట్లెవరేస్తరు?" అన్నది. చెల్లె ఆ రాత్రి ముఖం మాడ్చుకుంది గానీ పొద్దున కొత్త పుస్తకం గీసింది. ఇప్పుడు ఏడు గడులే. నంబరు, రకం, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ కాలం ఏ మడి, పక్క మడిలో ఏముంది, మొలక శాతం, ఎవరికి ఇచ్చినం. పక్క మడి గడి నా కుజిపటాలియా దెబ్బకు వచ్చింది. వరికి రకానికీ రకానికీ మధ్య మూడు మీటర్లు వదిలితే చాలు. నేను గట్టు ఒక్కటే వదిలిన.

మొలక పరీక్ష ఎట్లనో వీడియోలో చూపించినం. వంద గింజలు తడి గోనెలో చుట్టి, తడి ఆరకుండా చూసి, పద్నాలుగో రోజు చివరి లెక్క. 80 కంటే తక్కువ వస్తే ఆ డబ్బా ఎవరికీ ఇవ్వం. లైబ్రరీలో పనికిరాని పుస్తకాలు తీసేయడాన్ని కూడా వీడింగ్ అనే అంటారట, అంటే కలుపు తీసుడే. కాలేజీలో ఆమెను ఒక్క పుస్తకం తీయనియ్యలేదట, సంఖ్య తగ్గుతదని. మా దగ్గర మాత్రం మొదటి నెలలోనే పదకొండు సంచులు తీసి దంచి పెట్టేసింది. నాకు కడుపు మండింది, కానీ మొలక నలభై కూడా లేని విత్తనాన్ని ఏం చేస్తాం.

రెండు కిలోలు తీసుకెళ్తే పంటయ్యాక నాలుగు కిలోలు తిరిగివ్వాలి, అదీ మా పద్ధతి. ఒంటి మొక్క సాలు నాటుకు ఎకరానికి రెండు కిలోలు సరిపోతది. మొదటేడు సగం మంది తిరిగివ్వలేదు. లైబ్రరీలో లాగా జరిమానా వేద్దామన్నా నేను. "వద్దు, ఏం పండిందో అడుగుదాం" అని ఇంటింటికీ ఫోన్ చేసింది. ముగ్గురికి వాన దెబ్బ, ఇద్దరు తినేసిండ్రు, మిగతావాళ్లు పక్కవాళ్లకు ఇచ్చేసిండ్రు. పక్కవాళ్లకు పోయిందంటే పోయినట్టు కాదు గదా, ఆ పేర్లు కూడా రాసుకుంది.

ఈ లెక్కలు ఊరికే కాదు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రిజిస్టరైన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మొద్దు, అంతే. రైతు రకాన్ని రిజిస్టర్ చేసుకోవాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద ఉండాలి.

డబ్బు సంగతి దాచను. మొదటేడు చెల్లెకు నేను ఇచ్చింది ఆమె పాత జీతంలో సగం కూడా కాదు. చిన్నాయన నాతో మాట్లాడటం మానేసిండు. "పీజీ చదివిచ్చింది నీ వడ్ల సంచులు మొయ్యనికా?" అని దసరాకు అందరి ముందర అడిగిండు. జవాబు లేకుండె. ఇప్పుడు బియ్యం అమ్మకంలో ఆమెకు వాటా ఉంది, పాత జీతానికి దగ్గరికి వచ్చింది, దాటలేదు. జహీరాబాద్ పస్తాపూర్‌లో డీడీఎస్ కట్టిన పీవీ సతీశ్ గారు కూడా ఒకప్పుడు టీవీ ప్రొడ్యూసరే, అన్నీ వదిలి ఊర్లకు రాలేదా అని ఒకసారి చిన్నాయనకు చెప్పబోయిన. "ఆయన వేరు" అన్నాడు. నిజమే, వేరే.

చెల్లె సెట్ పుస్తకాలు మాత్రం అటక మీద పెట్టలేదు. పొద్దున విత్తనాల అర, రాత్రి చదువు. ఈసారి వస్తే పోతవా అని అడిగిన. "వస్తే పోతా అన్నా, రిజిస్టర్ రాసుడు నీకు నేర్పినంక" అన్నది. నా చేతిరాత చూసి నెల రోజులుగా నాతోనే రాయిస్తున్నది.

ఏడు గడుల పేజీ ఫొటో వీడియో చివర ఉంది, ఆపి చూసి గీసుకోండి. ఈ వానాకాలానికి విత్తనం కావాల్సినవాళ్లు ఏ నేల, ఏ నీళ్లు, పక్క మడిలో ఏం వేస్తారు అనే మూడు సంగతులు చెప్పండి. అవి చెప్పకపోతే చెల్లె డబ్బా మూత తీయదు.