మూగజీవికి స్మృతిలేఖ

పెంపుడు జంతువు మరణించినప్పుడు దానినిగూర్చి వ్రాయుట క్రొత్త వేడుక యని కొందఱు తలంతురు. కాని కన్నడ దేశమునందలి ఆతకూరులో క్రీ.శ. 950 ప్రాంతమున ఒక వేటకుక్కకై శాసనశిల నిలిపిరి. దాని పేరు కాళి. తక్కోలపు యుద్ధమున పరాక్రమించిన మణలెరుని ప్రభువు వరము కోరుమనగా, అతడు ఆ కుక్కను కోరెను. పిమ్మట అది అడవిపందితో పోరాడెను, రెండును చచ్చెను. ఆ శిలకు పూజ జరుగుటకై భూమినిగూడ నిచ్చిరి. యజమానుని ప్రేమ యెంతటిదో తెలియుటకు ఆ కోరిన వర మొక్కటి చాలదా?

చిత్తూరు సీమలోను వీరగల్లులు పెక్కు గలవు. మనకు శిల యక్కఱలేదు, కాగితము చాలును.

పుంగనూరు ఆవు మిక్కిలి పొట్టి జాతిది. అట్టి యావు చనిపోయిన యింట “మా యావు మిక్కిలి సాధువు” అని వ్రాసినచో, అది కుప్పములోని యే యావునకైనను చెల్లును. అమ్మ పితికిననే గాని పాలు చేపెడిది కాదనియు, గడియ చప్పుడునకు చెవులు రిక్కించెడిదనియు వ్రాయుడు. మదనపల్లె టమాట తోటలో చొరబడి తిట్లు తెచ్చిన దినమును దాచవలదు; తప్పులు లేని యావును ఎవరు నమ్ముదురు?

ఈ జాతి యొకప్పుడు అంతరించు స్థితికి వచ్చెను. పలమనేరు పశుపరిశోధన స్థానమున దీనిని కాపాడుచున్నారు. కావున దాని తల్లి యేదో, ఏ యేట పుట్టెనో, ఎట్లు మరణించెనో తప్పక తెలుపుడు. పెయ్య మిగిలియున్నచో, దాని పేరు చివర వ్రాయుడు.