నిష్పత్తి లెక్కలలోని చిక్కు

ప్రాథమిక పాఠశాల చివరి తరగతులలో పిల్లలను మిక్కిలి తికమకపెట్టునవి నిష్పత్తి లెక్కలు. గుణకారము, భాగహారము తడబడక చేయగల బాలుడు సైతము లెక్కను మాటలలో చెప్పగానే దేనిని దేనితో భాగింపవలెనో తోచక ఆగిపోవును. వీటితో పంచాయతీ సభ్యులకేమి పని యని అనుకొనరాదు. మురుగుకాలువ పనిలో మేస్త్రీ "ఒకటికి రెండు, నాలుగు" అని పాళ్లు చెప్పునప్పుడును, రెండు వాడలవారు ఒక ఖర్చును పంచుకొనునప్పుడును జరుగునది ఈ లెక్కయే. పెద్దలు త్రైరాశికమని నేర్చినది దీనికి దగ్గరి చుట్టము. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కావున ఈ విద్య మన భాషకు కొత్తది కాదు.

నిష్పత్తి యనగా పాళ్లు. 3:5 అన్నచో మూడు రూపాయలు, అయిదు రూపాయలు అని అర్థము కాదు. ఒకరికి మూడు పాళ్లు, వేరొకరికి అట్టివే అయిదు పాళ్లు. ఒక పాలు ఎంతయో 3:5 అను మాటలో లేదు. అది లెక్కలో ఇచ్చిన మరియొక అంకెనుండి రావలెను. ఆ అంకె దేనికి చెందినదో చూడకుండ భాగించుటయే తప్పులకు మొదటి కారణము.

చెరువుగట్టు మరమ్మతు ఖర్చును తూర్పువాడ, పడమటివాడ 3:5 నిష్పత్తిలో భరించుటకు ఒప్పుకొన్నవనుకొందము. లెక్కలో 24,000 రూపాయలను అంకె యున్నది. మొత్తము ఖర్చు 24,000 అన్నచో పాళ్లు 8, ఒక్కొక్క పాలు 3,000. వాటాలు 9,000, 15,000. తూర్పువాడ ఇచ్చినది 24,000 అన్నచో అది 3 పాళ్ల విలువ, పాలు 8,000. పడమటివాడ 40,000 ఈయవలెను. తూర్పువాడకంటె పడమటివాడ 24,000 ఎక్కువ ఇచ్చినదన్నచో అది 2 పాళ్ల తేడా, పాలు 12,000. వాటాలు 36,000, 60,000. నిష్పత్తి అదే, అంకె అదే. తూర్పువాడ వాటా మాత్రము మూడు విధములు. ఒక్క మాట సరిగా చదువకపోయినచో తరగతిలో పోవునది రెండు మార్కులు. గ్రామములో పుట్టునది తగవు. తూర్పువాడ మొత్తములో అయిదింట మూడు వంతులు ఇచ్చునని వ్రాయుటయు తరచుగా కనబడు తప్పే. అది ఎనిమిదింట మూడు వంతులు.

రెండవ తప్పు కూడిక. కాంక్రీటునకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు. సిమెంటు 3 తట్టలైనచో మిగిలినవి ఎన్ని? సిమెంటు రెండు తట్టలు హెచ్చినది గనుక ఇసుకకును కంకరకును రెండేసి చేర్చి 3:4:6 అని పలువురు పిల్లలు వ్రాయుదురు. హెచ్చవలసినది మూడింతలు, సరియైన జవాబు 3:6:12. పనిచోట ఇదే పొరపాటు వేరొక రూపమున వచ్చును. సిమెంటు ఒక తట్ట అట్లే యుంచి ఇసుకకు, కంకరకు "ఒక్కొక్క తట్టే గదా" యని చేర్చినచో 1:3:5 అగును. కాలువ గోడ బలహీనపడును.

ఈ పాళ్లు తూకమునకు గాక ఘనపరిమాణమునకు చెందినవి. 50 కిలోల సిమెంటు బస్తా ఇంచుమించు 35 లీటర్లు; దానికి ఇసుక 70, కంకర 140 లీటర్లు కావలెను. కూడినచో 245 వచ్చును గాని, తయారగు కాంక్రీటు సుమారు 160 లీటర్లే. కంకర సందులలోనికి ఇసుకయు, ఇసుక సందులలోనికి సిమెంటును దిగిపోవును. అందుచేత ఒక ఘనమీటరు కాంక్రీటునకు ఆరు బస్తాలకు పైగా సిమెంటు పట్టును. నాలుగు బస్తాలతోనే పని ముగిసినదని చెప్పినచో సభ్యులు ఊరకుండరాదు.

ఇక పిల్లలు మిక్కిలి భయపడునవి "ముందు, తరువాత" లెక్కలు. ఒక బడిలో బాలురు, బాలికలు 4:3 నిష్పత్తిలో నున్నారు. కొత్తగా 4గురు బాలికలు చేరగా నిష్పత్తి 6:5 అయినది. మొదట ఎందరు? ఇందు మొదటి పాలు వేరు, రెండవ పాలు వేరు. వానిని నేరుగా పోల్చరాదు. మారనిదేదో వెదకవలెను. బాలుర సంఖ్య మారలేదు. కావున బాలుర పాళ్లను రెండు చోట్లను 12 చేయుదము: 4:3 అనునది 12:9 అగును, 6:5 అనునది 12:10 అగును. ఇప్పుడు పాలు రెంటను ఒక్కటే. బాలికలు 9 పాళ్లనుండి 10 పాళ్లకు పెరిగిరి. ఆ ఒక్క పాలే 4గురు. బాలురు 48 మంది, బాలికలు మొదట 36 మంది, తరువాత 40 మంది. 48ని, 40ని 8తో భాగించినచో 6, 5 వచ్చును, లెక్క సరిపోయినది.

బడికి వెళ్లిన సభ్యులు పిల్లలను జవాబు అడుగుటకు ముందు "ఈ లెక్కలో మారనిదేది?" యని అడుగవలెనని మేము కోరుచున్నాము. పలకమీద పాళ్లను గడులుగా గీయించినచో ఇంకను సులభము. అడుగుటకొక లెక్కను ఇచ్చట విడిచిపెట్టుచున్నాము: బాలురు, బాలికలు 4:3 నిష్పత్తిలో నుండగా 6గురు బాలురు వేరొక బడికి వెళ్లిరి, నిష్పత్తి 5:4 అయినది. ఈసారి మారనిది బాలికల సంఖ్య.