ముందెవరు? వెనకెవరు?

పిల్లలూ! ఒక బడిలో కంప్యూటర్లూ, ఆఫీసు ఫోనూ ఒకే స్విచ్‌కు తగిలించి ఉన్నాయనుకోండి. అందరూ ఒకేసారి పాఠాల వీడియోలు దింపుకుంటున్నారు. ఇంతలో ఒక పిల్లవాడికి జ్వరం వచ్చింది. మాస్టారు వాళ్ళమ్మకు ఫోను చేశారు. కాని మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. ఎందుచేత?

సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. దారి ఇరుకైతే అవి వరుసలో ఆగాలి. వీడియో పొట్లం కాస్త ఆగినా నష్టంలేదు. మాట అలా కాదు. సాధారణంగా సెకనుకు 50 పొట్లాలుగా బయలుదేరే మాట, 150 మిల్లీసెకన్లలోగా అవతలి చెవికి చేరితేనే సంభాషణ సాఫీగా సాగుతుంది.

అందుకని పొట్లాలమీద 0 నుంచి 7 దాకా అంకెలు వేస్తారు. మాటకు సాధారణంగా 5. స్విచ్ ఆ అంకెను చూచి, మాటల పొట్లాలను వేరే వరుసలో నిలిపి ముందుగా పంపుతుంది.

మరి అన్నిటికీ 7 వేస్తే? అందరూ ముందువాళ్ళే అయితే ముందువాడంటూ ఎవడూ ఉండడు! దారీ వెడల్పు కాదు. ఎప్పుడూ ముందువరుసనే పంపితే, వెనకవరుస కదలనే కదలదు. కనుక తెలిసినవాళ్ళు ముందువరుసకు హద్దుపెట్టి, వెనకవాటికీ వంతు ఇస్తారు.

మీ బడి కుళాయి దగ్గర ఎవరిని ముందు పోనివ్వాలో మీరే ఆలోచించండి!