ఊరి దాకా వచ్చిన గాజు తీగ ఇంటి గడప ఎక్కేదెప్పుడు?

కాలువ నిండా నీళ్లు పారుతున్నా బోదె తవ్వకపోతే చేను తడవదు. ఈ సంగతి గోదావరి జిల్లాల రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. అయినా ప్రధాన కాలువ తర్వాత పంట కాలువ, దాని తర్వాత పిల్ల కాలువ, చివరకు బోదె పడితేనే నీరు మడిలోకి దిగింది. ఇప్పుడు పల్లెలకు వస్తున్న ఇంటర్నెట్ తీగ కథా ఇంతే. పెద్ద కాలువ ఊరి దాకా వచ్చింది. బోదెలే మిగిలిపోయాయి.

కోరుకొండ నుంచి రాజమహేంద్రవరం సుమారు 20 కిలోమీటర్లు. వెంట్రుకంత సన్నని గాజు తీగలో సమాచారం వెలుగు రూపంలో వెళుతుంది. ఆ వెలుగు ఈ దూరం దాటడానికి సెకనులో పదివేలవ వంతు చాలు. కాబట్టి ఆలస్యం దూరం వల్ల కాదు. పంచాయతీ ఆఫీసు నుంచి మన వీధి దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే పని నిలిచిపోతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయాలన్న పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. రెండేళ్లలో పూర్తి చేయాలనుకున్నారు. తొలి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికే 2017 డిసెంబరు వచ్చింది. భారత్‌నెట్ అని పిలుస్తున్న పథకం ఇదే. 2025 ఆరంభం నాటికి సుమారు 2.14 లక్షల పంచాయతీలకు తీగ చేరింది. అదే సమయానికి ఈ పథకం కింద ఇళ్లకు ఇచ్చిన కనెక్షన్లు సుమారు 12 లక్షలు. భాగించి చూస్తే పంచాయతీకి సగటున ఆరు ఇళ్లు కూడా రావు. తీగ ఊళ్లోకి రావడం వేరు, ఇంట్లోకి రావడం వేరు అన్నది ఇక్కడే తేలిపోతోంది.

మన రాష్ట్రం దారి కొంచెం వేరు. నేల తవ్వి తీగ పాతాలంటే ఖర్చూ ఎక్కువ, కాలమూ ఎక్కువ. అందుకని ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. సబ్‌స్టేషన్లను కలుపుతూ ఇలా 20 వేల కిలోమీటర్లకు పైగా వేశారు. అప్పట్లో తూర్పు గోదావరిలోనూ ఇప్పుడు కోనసీమ జిల్లాలోనూ ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఈ పథకానికి శ్రీకారం చుట్టారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని జాతికి అంకితం చేశారు. టీవీ, ఫోన్, నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే అన్నారు. ఆ తొలి ధర తరువాత కాలంలో నిలవలేదు.

స్తంభాల మీద తీగకు ఒక చిక్కుంది. స్తంభం ఒరిగితే తీగా తెగుతుంది. 1996 నవంబరు తుపాను చూసిన వాళ్లకు స్తంభాలు కూలడమంటే ఏమిటో తెలుసు. తెగిన తీగను వెంటనే అతికే మనిషి దగ్గర్లో లేకపోతే, కనెక్షన్ ఉన్నా లేనట్టే.

ఫోన్‌లో నెట్ ఉంది కదండీ?

ఉంది. ఒక్కరు ధర చూసుకోవడానికి, ఒక వీడియో చూడటానికి ఫోన్ చాలు. కానీ టవర్ సిగ్నల్‌ను ఊరంతా పంచుకోవాలి. సాయంత్రం అందరూ ఒకేసారి ఫోన్లు తెరిస్తే వేగం పడిపోతుంది. టవర్‌కు దూరంగా ఉన్న పేటలకు ఆ కాస్తా అందదు.

ఈ రోజు రైతు పని చాలావరకు నెట్ మీదే నడుస్తోంది. ఈ-పంట నమోదు, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, ధాన్యం అమ్మకానికి పేరు నమోదు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. నెట్ మొరాయిస్తే రైతు ఒక పూట కూలి పోగొట్టుకుని మళ్లీ మర్నాడు రావాలి. పెద్ద రైతు ఈ నష్టం భరిస్తాడు. ఎకరం, అరెకరం ఉన్నవాడికీ, కౌలుదారుకీ అది బరువు. కాబట్టి ముందుగా రైతు సేవా కేంద్రం, బడి, పంచాయతీ ఆఫీసుల్లో తీగ నిజంగా పనిచేస్తోందా అని చూడాలి. ఇంటి కనెక్షన్ ఆ తర్వాతి మాట.

అడిగిన ఊరికే ముందు

కేంద్రం 2023 ఆగస్టులో భారత్‌నెట్‌ను సవరించి 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించింది. పని బాధ్యత బీఎస్ఎన్ఎల్‌ది. ఇందులో రైతులు గమనించాల్సిన మార్పులు మూడు.

మొదటిది, తీగను ఒకే వరసలో కాకుండా వలయంలా చుట్టి వేస్తారు. ఒకవైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ అందుతుంది. రెండోది, ఐదేళ్లలో కోటిన్నర పల్లె ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. మూడోది ముఖ్యమైనది. పంచాయతీ కేంద్రం కాని సుమారు 3.8 లక్షల శివారు గ్రామాలకు, అడిగితేనే తీగ వేస్తారు. అడగని ఊరు వరసలో వెనకబడిపోతుంది.

కనెక్షన్ తీసుకునే ముందు

* ఒక్కరుగా కాక వీధిలో పది పదిహేను ఇళ్లవారు కలిసి అడగండి. ఒక తీగను చీల్చి అనేక ఇళ్లకు ఇచ్చే చిన్న పెట్టె స్తంభం దగ్గర పెడతారు. ఇళ్లు ఎక్కువైతే ఆపరేటర్‌కూ గిట్టుబాటు అవుతుంది.
* నెల చార్జీ జీఎస్టీతో కలిపి ఎంత, ఇంట్లో పెట్టే పెట్టె సొంతమా అద్దెకా, డేటా అయిపోయాక వేగం ఎంతకు పడిపోతుంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. బ్రాడ్‌బ్యాండ్ అంటే సెకనుకు కనీసం 2 మెగాబిట్లు ఉండాలని 2023లో నిబంధన వచ్చింది.
* తీగ తెగితే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు అన్నది ముందే తేల్చుకోండి.
* ఖర్చు లెక్క వేసుకోండి. నెలకు 300 రూపాయలు అనుకున్నా ఏడాదికి 3,600. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000లో సగానికి మించి దీనికే పోతుంది. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఉపయోగమే. అవసరం లేని ఇల్లు తొందరపడనక్కరలేదు.
* ఇంట్లో పెట్టె కరెంటుతోనే పనిచేస్తుంది. కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. చిన్న బ్యాటరీ ఉంటే మేలు.
* జేసీబీతో గట్టు తవ్వేటప్పుడు, పైపులైను వేసేటప్పుడు కింద తీగ ఉందేమో తెలుసుకోండి. దీనికోసం కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ తెచ్చింది. ఒక్క గడ్డపార పోటుకు నాలుగు ఊళ్లకు నెట్ ఆగిపోవచ్చు.
* స్తంభం నుంచి వేలాడుతున్న తీగ ఏదైనా సరే చేత్తో ముట్టుకోవద్దు. గాజు తీగలో కరెంటు ఉండదుగానీ, అది కరెంటు తీగకు తగిలి ఉండొచ్చు. లైన్‌మన్‌కు చెప్పండి.

శివారు చేనుకు నీరు రాకపోతే నలుగురూ కలిసి లాకుల దగ్గరకు వెళ్లి అడగడం మన రైతులకు అలవాటే. తీగ విషయంలోనూ అదే చేయాలి. వచ్చే గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయండి. మన పంచాయతీకి తీగ వచ్చిందా? వస్తే పనిచేస్తోందా? మన పేటకు కావాలని ఎవరైనా రాసి ఇచ్చారా? మూడో దానికి లేదని జవాబు వస్తే ఆ రోజే తీర్మానం రాయించి, నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.