రోళ్ళపాడు గడ్డిబయళ్ళలో గద్దలు

గద్ద అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది మాంసపు దుకాణాలపైన తిరుగాడే నల్లగద్ద ఒక్కటే. ఇక్బాల్ కవిత్వంలోని షాహీనును గురించి గంటసేపు ప్రసంగించగల విద్యార్థి సైతం మిద్దెమీద వ్రాలిన షిక్రాను చూచి "చీల్" అనడం నేను విన్నాను. తప్పు విద్యార్థిది కాదు. పక్షిని చూపకుండా పద్యం బోధించిన మావంటి అధ్యాపకులది. నాకైనా ఈ భేదాలు తెలిసినది ముప్పై ఏళ్ళు దాటిన తరువాతనే.

నల్లగద్ద తోక చివర చీలి ఉంటుంది. షిక్రా అనే డేగకు రెక్కలు పొట్టి, తోక పొడవు. అందుచేతనే చెట్ల నడుమ మలుపులు తిరుగుతూ తొండనో పిట్టనో పట్టగలుగుతుంది. షాహీను రెక్కలు కొనదేరి ఉంటాయి. అది కొండచరియలపై నివసిస్తూ, ఎంతో ఎత్తునుండి దూకి, ఎగిరే పక్షిని గాలిలోనే కొడుతుంది. రెక్క ఆకారం తెలిస్తే వేట తీరు తెలిసినట్లే. ఈ రెండు పేర్లూ ఆంగ్ల పక్షిశాస్త్ర గ్రంథాలలో యథాతథంగా నిలిచిపోవడం ఉర్దూ అభిమానులు గర్వించదగిన విషయం.

ఇక రోళ్ళపాడు. నందికొట్కూరుకు చేరువలోని ఈ గడ్డిబయళ్ళను బట్టమేకపక్షి రక్షణ కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో ఇక్కడికి మధ్య ఆసియా మైదానాల నుండి పిల్లిగద్దలు వస్తాయి. ఆంగ్లంలో వీటిని హ్యారియర్లంటారు. మగపక్షి బూడిదవన్నెది, రెక్కల కొనలు నలుపు. ఆడుది గోధుమవన్నెది, తోక మొదట తెల్లని పట్టీ. పగలంతా ఇవి గడ్డిమీద మూరెడెత్తున తేలుతూ మిడతలను ఏరుకొని తింటాయి. సాయంకాలం నలుదిక్కులనుండి ఒకచోట చేరి, చెట్టెక్కక, గడ్డిలో నేలమీదనే రాత్రి గడుపుతాయి.

నేను మొదటిసారి వెళ్ళినపుడు ఇరవై ఏడు వరకు లెక్కించాను. తరువాత చీకటి పడి లెక్క తప్పింది.

ఈ నేలలను మనం "బీడు" అంటాము. ఆ మాటలోనే చిక్కున్నది. బీడు అనగానే దున్నవచ్చునని, చెట్లు నాటవచ్చునని తోస్తుంది. అడవి నరికితే బాధపడేవారు కూడ గడ్డి దున్నితే సంతోషిస్తారు. గడ్డి పోతే పక్షికి పడక లేదు. చుట్టుప్రక్కల పైర్లమీద పురుగుమందు మితిమీరితే మిడతా లేదు. పైరు తినే మిడతను తినిపోయే పక్షి రైతుకు మిత్రమే కదా!

పోగొట్టుకున్న దానికి ఉదాహరణ రాబందు. ఊరవతల పశువు చస్తే పూట తిరగకముందే ఎముకలు మిగిలేవని అబ్బాజాన్ చెప్పేవారు. 1990లలో రాబందులు హఠాత్తుగా తరిగిపోయినవి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ కళేబరం ద్వారా రాబందు మూత్రపిండాలను చెడగొడుతున్నదని 2004లో తేలింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. కాని ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టే పక్షి త్వరగా కోలుకోలేదు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుండగా ఒక గొర్రెల కాపరి ఎదురైనాడు. గద్దల సంగతి తెలుసునా అని అడిగాను. "తెలీకేం సారూ, రాత్రికి ఆ గడ్డిలోనే పండుకుంటాయి. పొద్దు మునిగినాక జీవాలను ఆ దిక్కు తోలం" అన్నాడు.